పై లైను వదిలేసిన ఆర్టిస్టు

పోయిన నెల మదనపల్లెలో ఒక ఆర్టిస్టు చనిపోయాడు. పేపర్లో రాలేదు. ముప్పై ఏళ్లుగా ఆయన ఎవరెవరి గేట్ల మీద, ట్రాక్టర్ల మీద, తాతల సమాధుల మీద పేర్లు రాశాడో, ఆ పెద్దమనుషులకు జలుబు చేసినా పేపర్లో వస్తుంది. ఈయన పోయిన సంగతి మాత్రం నాకు ఆయన భార్య పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేసి చెబితే తెలిసింది. వెళ్లి వచ్చాను. వచ్చినప్పటి నుంచీ మనసు బాగాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు నేనూ రాయను. ఊళ్లో తక్కిన ఆర్టిస్టులు ఎంత చిన్న బోర్డు రాసినా కింద మూలన తమ పేరు పెట్టి, పక్కన 'ఆర్ట్స్' అని ఇరికించేవాళ్లు. ఈయన ఏనాడూ ఇరికించలేదు. ఒకసారి అడిగాను.

"గోడ వాళ్లది, పేరు వాళ్లది. ఆ మూల వొగటి నాకెందుకు సార్? కుక్కలు కాలెత్తేది ఆడే గదా" అన్నాడు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. సైకిలు వెనక టమోటాల బుట్ట ఒకటి కట్టి, అందులో రంగు డబ్బాలు, కుంచెలు, ఒక ఉండ దారం, నీలిమందు పొట్లం పెట్టుకుని తిరిగేవాడు. గోడ ముందు నిలబడగానే ఎడమ కన్ను మూసేవాడు. చొక్కా జేబులోంచి గుప్పెడు బొరుగులు తీసి నోట్లో వేసుకుని, అవి నమలడం అయ్యేదాకా ఒంటికన్నుతో గోడను చూసేవాడు. ఆ కాస్త సేపూ ఎవరూ మాట్లాడకూడదు. కానీ బడి గోడల దగ్గర పక్కన ఉండేది హెడ్‌మాస్టర్లు కాబట్టి ఎప్పుడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండేవాళ్లు. ఆ తర్వాత జానతో గోడను కొలిచేవాడు. టేపు ఉండేది, బుట్టలోనే ఉండేది, తీసేవాడు కాదు. నీలిమందులో ముంచిన దారాన్ని రెండు మేకులకు బిగించి, మధ్యలో లాగి వదిలితే టప్పుమని గోడ మీద గీత పడేది. ఆ చప్పుడంటే ఆయనకు ఇష్టం. అవసరం లేకపోయినా ఒక గీత ఎక్కువ కొట్టేవాడు.

నాకు ఆయన పరిచయమైంది స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లు నిండిన సంవత్సరం. పై నుంచి ఒక కాగితం వచ్చింది. ప్రతి బడిలోనూ అందరికీ కనపడేలా ఒక గోడ మీద రాజ్యాంగ పీఠిక రాయించాలట. పీఠిక అంటే ఈ దేశపు ప్రజలమైన మేము మాకు మేము న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఇచ్చుకుంటున్నాం అని దేశం తన నోటితో తాను ప్రకటించుకున్న మాట. పాఠ్యపుస్తకాల్లో మొదట్లోనే అచ్చేసి ఉంటుంది. నేను పదిహేనేళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాను. ఏటా ఆ పేజీ తిప్పేసి తర్వాతి పేజీ నుంచే పాఠం మొదలుపెట్టాను. అది పరీక్షలో రాదు కదా.

అప్పుడు నేను పుంగనూరు దగ్గర ఒక పల్లెలో హెడ్‌మాస్టర్ని. బడి గోడలన్నీ అప్పటికే నిండిపోయి ఉన్నాయి. ఒక గోడ మీద కుటుంబ నియంత్రణ, ఒక గోడ మీద పోలియో చుక్కలు. అన్నిటికంటే పెద్ద గోడ మీద దాతల పేర్లు. రెండు బెంచీలు ఇచ్చిన ఆసామి, ఆయన తండ్రి, తాత, ముగ్గురూ బారులు తీరి ఉన్నారు. ఇక దేశానికి మిగిలింది తలుపుకూ కిటికీకీ మధ్య ఉన్న ముక్క.

ఆయన వచ్చాడు, కన్ను మూశాడు, బొరుగులు నమిలాడు, జానతో కొలిచాడు.

"పట్టదు సార్."

"చిన్న అక్షరాలు రాయి."

"సిన్నవి రాస్తే బిడ్డోళ్లు సదవలేరు. పెద్దోళ్లు ఎట్లాగూ సదవరు. వొగ లైను తీసెయ్యాల. ఏది తీసేద్దాం? న్యాయమా, స్వేచ్ఛా, సమానత్వమా, సౌభ్రాతృత్వమా?"

ఏ రంగు వేయమంటారు అని అడిగినంత మామూలుగా అడిగాడు.

బడి కమిటీ ఛైర్మన్ చెంగప్ప అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ ఊళ్లో చింతతోపు ఆయనది, మామిడితోపు ఆయనది, కుర్చీ కూడా ఆయన ఇంటి నుంచి తెప్పించుకున్నదే. అంతకు వారం ముందే ఆయన కొత్త గేటు మీద ఈ ఆర్టిస్టే అడుగు ఎత్తున అక్షరాలు రాశాడు. పేరు ముందు 'సేవారత్న' అని కూడా రాయించుకున్నారు. రాసినవాణ్ని మాత్రం గేటు దాటి లోపలికి రానివ్వలేదు. గేటు మూసి, బయటి వైపు నిలబెట్టి రాయించారు. దాహమంటే దోసిట్లో నీళ్లు పోశారు. ఇది నాకు ఎలా తెలుసంటే, గేటు ఎలా ఉందో చూసి మెచ్చుకోవడానికి ఆరోజు నన్ను పిలిచారు. గేటు బాగుందని చెప్పి వచ్చాను.

"ఆ సమానత్వం వొగటి తీసెయ్యప్పా. ఈడ దాంతో మనకేం పని ఉండాది?" అని చెంగప్ప గట్టిగా నవ్వాడు. ఛైర్మన్ నవ్వితే హెడ్‌మాస్టరు కూడా నవ్వాలని ఏ రూల్సులోనూ లేదు. అయినా నవ్వాను.

ఆర్టిస్టు నవ్వలేదు. "ఆయప్ప సెప్తే తీసేదానికి లేదు సార్. బడి మీది. మీ నోటితో మీరు సెప్పండి, ఏది తీసేది" అన్నాడు.

నేను ఆలోచించాను. సమానత్వం తీసెయ్ అందామంటే ఎదురుగా ఈయన నిలబడి ఉన్నాడు, ఈయన ఉండేది మదనపల్లెలో మిషన్ ఆస్పత్రి వెనక వీధిలో. ఆ వీధి ఎవరిదో నాకు తెలుసు. స్వేచ్ఛ తీసేద్దామంటే స్వర్ణోత్సవ సంవత్సరం. న్యాయం తీసేస్తే ఏ అధికారి కంటైనా పడుతుంది. ఇంత లెక్క వేసి, ఎవరి మనసూ నొప్పించకుండా, చాలా తెలివిగా అన్నాను.

"సౌభ్రాతృత్వం తీసెయ్. పిల్లలకు పలకడానికి కష్టం."

మూసిన ఎడమ కన్ను తెరిచాడు. రెండు కళ్లతో ఒకసారి నన్ను చూశాడు. "సరే సార్. పలికేదానికి కష్టమే" అని దారం తీసుకున్నాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. నెల తర్వాత మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు కోసం నిలబడి ఉంటే అవతలి ప్లాట్‌ఫారం నుంచి ఒక కేక.

"సౌభ్రాతృత్వం సార్! బాగుండారా?"

బస్టాండంతా నా వైపు తిరిగింది. నేను చెయ్యి ఊపి, పేపరు అడ్డం పెట్టుకున్నాను.

తర్వాత తెలిసింది, ఆయన ఏ బడికి వెళ్లినా ఇదే ప్రశ్న అడిగేవాడని, ఎవరు ఏ మాట తీయించారో దాన్నే వాళ్లకు పేరుగా పెట్టేవాడని. గంగవరం వైపు ఒక స్వేచ్ఛ సారు ఉండేవాడు. గుడుపల్లె వైపు ఒక న్యాయం మేడం. ఒకే మాట ఇద్దరు తీయిస్తే ఊరి పేరు కలిపి పిలిచేవాడు. విన్నవాళ్లంతా అవి బిరుదులనుకున్నారు. ఒక ఉపాధ్యాయ దినోత్సవం నాడు నాకు శాలువా కప్పుతూ వక్త ఒకాయన, "సామాన్య కళాకారులు సైతం వీరిని సౌభ్రాతృత్వం సారు అని ఆప్యాయంగా పిలుస్తారంటే, వీరి హృదయం ఎంత విశాలమో ఊహించుకోండి" అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. వెనక వరుసలో, ఆనాటి బ్యానరు రాసిన ఆర్టిస్టు అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు. ఆ శాలువా ఇప్పటికీ బీరువాలో ఉంది. కప్పుకోవాలంటే నాకు ఒళ్లంతా దురద పుడుతుంది.

చెంగప్పకు మాత్రం ఆయన ఏ పేరూ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని ఒకసారి ఉడుకుమోత్తనంతో అడిగాను.

"ఆయప్ప దాసిపెట్టకుండా సెప్పేసె గదా సార్. ఆయప్పకు యాల పేరు?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన రాసే పద్ధతి మార్చేశాడు. పీఠికను కిందినుంచి పైకి రాయడం మొదలుపెట్టాడు. లోకంలో ఎవరైనా పై నుంచి కిందికి రాస్తారు. ఈయన ముందు అన్నిటికంటే కింది లైను రాసేవాడు. దాని మీద సౌభ్రాతృత్వం, దాని మీద సమానత్వం, ఆ మీద స్వేచ్ఛ, న్యాయం, ఇలా ఒక్కో మెట్టే నిచ్చెన ఎక్కుతూ రాసేవాడు. ఏ అక్షరం ఏ లైనులో పడుతుందో అంతా ఆయన బుర్రలో ఉండేది. గోడ ఎక్కడ అయిపోతే అక్కడ ఆపేవాడు. హెడ్‌మాస్టర్లను ఏమీ అడిగేవాడు కాదు. గోడ చాలని చోట ఎగిరిపోయేది మొదటి లైను, ప్రజలమైన మేము అనేది.

అలాంటి గోడలు చాలానే తయారయ్యాయి. న్యాయం పోతే ఎవరేమంటారో అని భయపడ్డ హెడ్‌మాస్టర్లు 'మేము' పోతే గమనించనే లేదు. తనిఖీకి వచ్చిన అధికారులూ గమనించలేదు. ఇచ్చేవి అన్నీ వరుసగా ఉన్నాయి, ఇచ్చేవాళ్లు ఎవరో మాత్రం లేదు. రిజిస్టరులో 'రాయించడమైనది' అని రాసుకుని, టీ తాగి, జీపెక్కారు.

"వొగరన్నా కనుక్కున్న్యారా?" అని అడిగాను, పుంగనూరులో ఒకసారి కలిసినప్పుడు. ఆయనతో మాట్లాడితే నాకూ ఆ యాస వచ్చేసేది.

"వొగామె కనుక్కునె సార్. కసువు ఊడ్సే ముసలామె. సదువు రాదు. నేనే సదివి వినిపిస్తే, 'ఇంతా ఇచ్చేది ఎవురప్పా?' అని అడిగె. ఆ పొద్దు నాకు అన్నం సయించలేదు" అన్నాడు. అని, జేబులోంచి బొరుగులు తీసి నాకూ నాలుగు పెట్టాడు.

కొన్నేళ్లకు నాకు కుప్పం వైపు బదిలీ అయింది. రామకుప్పం అవతల, అడవి పక్కన ఒక పల్లె. రాగి చేల మీదికి పోతూ పోతూ ఏనుగులు మా బడి ప్రహరీని తోసేశాయి. ఆ గోడ మీద 'నీటిని పొదుపుగా వాడండి' అని రాసి ఉండేది. ఊరివాళ్లలాగే ఏనుగులు కూడా దాన్ని పట్టించుకోలేదు. కొత్త గోడ కట్టించాం, చాలా పొడుగు, ఎత్తు కూడా. దాన్ని చూడగానే నాకు ఆయన గుర్తొచ్చాడు. ఈ గోడ మీద అన్నీ పడతాయి, ఆ పాడు పేరు కూడా పోతుంది అనుకున్నాను. ఫోన్ చేసి రమ్మన్నాను.

అప్పటికి ఫ్లెక్సీలు వచ్చేశాయి. చెంగప్ప లాంటివాళ్లు గేట్ల మీద పేర్లతో సరిపెట్టుకోకుండా ఫొటోలతో సహా కూడళ్లలో వేలాడుతున్నారు. ఆయనకు పని తగ్గిపోయింది. మదనపల్లె నుంచి మూడు బస్సులు మారి, బుట్ట భుజాన పెట్టుకుని వచ్చాడు. తలంతా నెరిసింది. ఇప్పుడు కన్ను మూయాల్సిన పని లేదట, ఎడమదానికి చూపు దానంతటదే తగ్గిందట. దిగగానే నీళ్లు అడిగాడు.

మా బడి వరండాలో నీళ్ల కుండ దగ్గర రెండు గ్లాసులు ఉంటాయి. స్టీలుది ఊరి పిల్లలకు. ఆకుపచ్చ ప్లాస్టిక్‌ది ఊరి బయటి వీధి పిల్లలకు. వాటిని నేను పెట్టలేదు. నేను వచ్చేసరికే ఉన్నాయి. నేను తీయలేదు కూడా. ఈ మూడు మాటలూ నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, వరుస మార్చి మార్చి.

బడి తాళాలు వంటామె దగ్గరే ఉంటాయి. ఆమె మంచిది. ఎవరొచ్చినా పలకరిస్తుంది. స్టీలు గ్లాసు చేతిలోకి తీసుకుంటూ అడిగింది.

"యావూరప్పా మీది?"

"మదనపల్లెమ్మా."

"మదనపల్లెలో యాడ?"

"మిషన్ ఆస్పత్రి ఎనకాల."

ఆమె చెయ్యి ఆగింది. స్టీలు గ్లాసు కిందపెట్టి, ఆకుపచ్చది తీసి ముంచింది. ఆయన తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. నా వైపు చూశాడు. నేను హాజరుపట్టీ చూసుకుంటున్నాను. ఆరోజు ఆదివారం.

మూడు రోజులు రాశాడు. అంత అందమైన అక్షరాలు ఆయన చేతి నుంచి కూడా నేను అదివరకు చూడలేదు. కింది లైను నుంచి మొదలుపెట్టి, సౌభ్రాతృత్వం మీదికి వచ్చినప్పుడు నన్ను పిలిచి మరీ చూపించాడు. "సార్, మీది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. మూడో రోజు మధ్యాహ్నం నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని, బుట్ట సర్దుకోవడం మొదలుపెట్టాడు. చూస్తే పై లైను ఖాళీగా ఉంది. రెండు నీలి గీతలు మాత్రం కొట్టి ఉన్నాయి.

"గోడ చాలింది కదా?"

"సాలింది సార్. ఇంకా రెండు జానలు మిగిలె."

"మరి?"

కుండ వైపు చూశాడు. "ఆ రెండు గ్లాసులూ ఆడుండంగా 'మేము' అని ఎట్ల రాసేది సార్? అబద్ధం రాసినట్టు అయితాది. నేను అబద్ధం రాసే రకం గాదు."

నాకు కోపం వచ్చింది. "చెంగప్ప గేటు మీద సేవారత్న అని రాసింది ఎవరు?" అన్నాను.

ఆయన కాస్త ఆలోచించాడు. "అది రాసి తప్పు సేసినాను సార్. అందుకే రెండోతూరి సేయకూడదని" అన్నాడు. అని, బుట్టలోంచి సగం ఉన్న నీలం డబ్బా, గుడ్డలో చుట్టిన ఒక కుంచె తీసి నా టేబులు మీద పెట్టాడు. "వొగ గ్లాసు తీసేసిన దినం మీరే రాయండి. గీతలు కొట్టి పెట్టిండాను. అక్షరాలు వంకరగా వచ్చినా పరవాలేదు. మీ చేత్తోనే రాయండి."

ఆ మనిషి నన్ను అడిగింది ఒక ప్లాస్టిక్ గ్లాసు తీసి పారేయమని. దాని బరువెంతో ఎప్పుడూ తూచలేదు గానీ, నాకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్లు ఉంది. గ్లాసు తీస్తే ఊరి పిల్లలు బడికి రారు, వాళ్ల పెద్దలు వస్తారు. కాబట్టి బడి తెరిచాక జూన్‌లో చూద్దాం అనుకున్నాను. జూన్‌లో వానలు, పెయింటు ఆరదు. ఆగస్టు పదిహేనుకు బాగుంటుంది అనుకున్నాను. ఆగస్టు పదిహేనున స్వాతంత్ర్యం గురించి అరగంట మాట్లాడాను, ఆ ఖాళీ లైనుకు వీపు పెట్టి. మాట్లాడి గొంతు ఎండితే వంటామె నీళ్లు తెచ్చి ఇచ్చింది, స్టీలు గ్లాసులో.

ఆ గోడను చూసి అధికారులు మెచ్చుకున్నారు. ఒకాయన ఫొటో కూడా తీసుకున్నాడు. మధ్య మధ్య ఆర్టిస్టు ఫోన్ చేసేవాడు. గ్లాసు సంగతి అడిగేవాడు కాదు. "సౌభ్రాతృత్వం సార్, పై లైను రాసినారా?" అనేవాడు. "ఈ వారం రాసేస్తా" అనేవాణ్ని. "కానీండి సార్, మెల్లింగా" అనేవాడు. డబ్బాలో రంగు పైన మీగడ కట్టింది, తర్వాత గట్టిపడింది. కుంచె వెంట్రుకలు బొద్దింక కొరికిందో, ఎలుక కొరికిందో. ఈ మధ్య ఫోన్ మోగితే పేరు చూసి ఎత్తడం మానేశాను. ఆయన జబ్బు పడ్డ సంగతి అందుకే నాకు తెలియలేదు.

ఆయన ఇంటికి వెళ్లడం అదే మొదటిసారి. నేను వెళ్లేసరికి సమాధి చేసి వచ్చేశారు. మిషన్ ఆస్పత్రి వెనక రెండు గదుల ఇల్లు. ఊరంతా రాసినవాడి ఇంటి గోడల మీద ఒక్క అక్షరం లేదు, తెల్లటి సున్నం మాత్రమే. పాస్టరుగారు, టీకొట్టాయన, ఇద్దరు ముగ్గురు ముసలి ఆర్టిస్టులు చాప మీద కూర్చుని ఉన్నారు. నేనూ కూర్చున్నాను. ఆయన భార్య లోపలి నుంచి నీళ్ల చెంబు, ఒక గ్లాసు తెచ్చింది. పాస్టరుగారికి ఇచ్చింది, తర్వాత టీకొట్టాయనకు, అదే గ్లాసులో పోసి నాకు ఇచ్చింది. మీదే ఊరు, ఎక్కడుంటారు అని అడగలేదు. తాగాను.

ఖాళీ గ్లాసు తీసుకుంటూ ఆమె నా ముఖంలోకి చూసింది.

"సౌభ్రాతృత్వం సార్ మీరేనా?"

"నేనేనమ్మా."

"మీ గురించి శానా తూర్లు సెప్తాండె. మిగతా గోడలు ఎట్లుండినా సరే, ఆ గోడ వొగటి నిండితే సాలు అంటాండె. పోయే ముందు దినం గూడా, 'ఆయప్ప రాసినాడేమో కనుక్కోమే' అని నాకు సెప్పె. ఆయన ఫోన్‌లోనే సేసినాను, మీరు ఎత్తలేదు." గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "రాసినారా సార్, ఆ పై లైను?"

పాస్టరుగారు నా వైపు చూశారు. టీకొట్టాయన చూశాడు. చాప మీద ఉన్న ముసలి ఆర్టిస్టులందరూ చూశారు. వాళ్లందరికీ ఆ గోడ సంగతి తెలుసు.

"రాసేశానమ్మా" అన్నాను.

పలకడానికి ఏమీ కష్టం కాలేదు.